తూర్పు వైపు కారుతోంది

జూన్ 7, సోమవారం

ఎప్పుడూ డైరీ రాయలేదు. ఇవాళ కోపం వచ్చి రాస్తున్నాను. గట్టిగా మాట్లాడటం నాకు చేతకాదు. నిన్న సంతలో కొత్త టెంటు కారింది. ఇంటికొచ్చి అప్పన్న స్వామి ముందు కూర్చుంటే నామం మధ్యలో టెంటే గుర్తొస్తోంది. ఎక్కడో ఒకచోట దించుకోవాలి కదా.

చిమిండైంగ్ పేట చేతిపనుల సంతలో నిన్న నాకూ నా మేనకోడలు లతకూ మొదటి ఆదివారం. సంత నడిపే డా ఖిన్ ముందే చెప్పింది — టెంటు ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. కొట్లో మూడే ఉన్నాయి. సరిహద్దు మూసేశారు, కొత్త సరుకు రాదట. ఎర్రది వేస్తే సైన్యం రాజ్యం వద్దని ఊరేగేవాళ్ళమని సిపాయిలు పట్టుకుంటారు. ఆకుపచ్చది వేస్తే సిపాయిల మనుషులమని జనం మన దగ్గరికి రారు. మిగిలింది నీలం. పలచటి గుడ్డ, బలం లేని కుట్లు. అదే తెచ్చాం.

గాలికి లేవకుండా టెంటు కాళ్ళకు కట్టడానికి నాలుగు ఇసుక మూటలు తీసుకున్నాం. తాకేటా వంతెన మీద సిపాయిలు బస్సు ఆపారు.

"రోడ్డు మీద ఎవరికి అడ్డం పెడతావు పెద్దమ్మా ఇవి?"

"టెంటుకి, బాబూ."

ఆ సిపాయి నవ్వాడు. నాలుగూ నా చేతే రోడ్డు మీద పోయించాడు. అక్కడికెళ్ళి నూనె డబ్బాల్లో కుళాయి నీళ్ళు పట్టి కాళ్ళకు కట్టాం.

అన్నీ సవ్యంగా జరగాలని తూర్పు వైపు మామిడాకుల తోరణం నా చేత్తోనే కుట్టాను. ఇరవై ఒక్క ఆకులు. అయినా మొదటి వానకే కారింది. అటు పక్క బల్ల మా న్వే అనే ఆమెది. కాగితం బొమ్మలు చేస్తుంది — తోస్తే పడి, మళ్ళీ తనే లేచే బొమ్మలు. రెండు తడిశాయి.

గుడ్డ అమ్మినవాడి మీద మండిపోతోంది.

జూన్ 9

లత కుట్లు మూసింది. ముందు కొవ్వొత్తి మైనం రుద్ది, కాగితం వేసి ఇస్త్రీ. ఆ పైన రెయిన్‌కోట్ల టేపు. లైంగ్‌థార్యార్‌లో దాని ఫ్యాక్టరీ మూసేసినప్పుడు చుట్ట మిగిలిందట, దాచుకుంది. "ఎనిమిదేళ్ళు కోట్లు కుట్టేనత్తా. నా కుట్టులో నీటిసుక్క దూరదు, సూడు." నవ్వింది. నా దగ్గరికొచ్చి మూడు నెలలు, అది నవ్వడం నేను చూడటం ఇదే మొదటిసారి.

పెరట్లో నిలబెట్టి బకెట్లతో నీళ్ళు కుమ్మరించాం. ఒక్క చుక్క రాలేదు.

జూన్ 13, ఆదివారం

మళ్ళీ కారింది!

పొద్దున్నే పచ్చి ఆకులతో కొత్త తోరణం కుట్టాను. స్వామికి దండం పెట్టుకుని మరీ కుట్టాను. పదింటికి వాన. కప్పు మీద నీళ్ళు చేరి గుడ్డ కడుపులా ఉబ్బింది. లత చీపురు కర్రతో పైకి తోసింది. అంతలో తూర్పు వైపు ధార. పోయినసారి కంటే ఎక్కువ. మా న్వే బొమ్మలకు కళ్ళూ మూతీ కరిగి గడ్డాల దాకా వచ్చాయి.

"రబాదే, అక్కా," అంది. వాళ్ళ భాషలో పరవాలేదని. తిట్టినా బాగుండేది.

డా ఖిన్ వచ్చి చూసింది. "ఇంకొక్కసారి కారిందంటే ఈ చోటు వేరేవాళ్ళకి ఇచ్చేస్తా. తర్వాత నన్ను బతిమాలొద్దు."

ఈ చోటు పోతే నా పూసల సంచులు కొనేవాళ్ళెవరు? ఇద్దరం ఏం తినాలి?

బస్సులో లతతో మెల్లగానే అన్నాను — "చీపురు కర్రతో పొడిచావు. నీ టేపు ఊడిపోయి ఉంటుంది."

"నానేటి సేసేనత్తా?" అంది. అంతే. ఇల్లు చేరేదాకా కిటికీలోంచే చూసింది.

జూన్ 14

లత అన్నం పెట్టింది, తిన్నాను.

జూన్ 17

నెట్ మళ్ళీ కట్టేశారు. కారే టెంటు గురించి ఎవరిని అడగను... స్వామిని అడిగాను.

జూన్ 20, ఆదివారం

సంత లేదు. రోడ్లన్నీ మూసేశారు. వాన కూడా లేదు.

జూన్ 22

ఎండ కాసింది. లత బజారుకెళ్ళింది. బూజు పట్టకుండా టెంటు గుడ్డ పెరట్లో తాడు మీద ఆరేసి, వెనక నిలబడ్డాను.

తూర్పు వైపు గుడ్డలో వరసగా వెలుగు చుక్కలు. బెత్తెడుకొకటి. ఇరవై ఒకటి.

తోరణం కుట్టిన నా చెయ్యే. సన్న సూది విరిగిందని మూటలు కుట్టే దబ్బనం తీసుకున్నాను. కిందికి వేలాడే అంచుకు కుడితే కొనేవాళ్ళ తలకు తగులుతుందని, జానెడు పైకి జరిపి కప్పుకే కుట్టాను. కారకూడదని దండం పెట్టుకుని, ఆ చేత్తోనే పొడిచాను.

లత వచ్చేలోపు గుడ్డ మడిచి లోపల పెట్టేశాను.

జూన్ 23

ఇవాళ మళ్ళీ చూశాను. ఇరవై ఒకటి పదమూడో తారీకువి. మరి మొదటి ఆదివారంవి ఏవి? లోపలి వైపు వేలితో తడిమితే దొరికాయి. ఒక్కొక్క దాని మీదా బొట్టుబిళ్ళంత గుండ్రం. రెయిన్‌కోటు టేపు కత్తిరించి, ఇస్త్రీ పెట్టి అతికించినవి. అందుకే ఆ రోజు బకెట్లు పోసినా కారలేదు.

అంటే తొమ్మిదో తారీకునే చూసింది. తోరణం కుట్టొద్దు అత్తా అని నాతో అనలేక, కన్నాలు మూసి ఊరుకుంది. బస్సులో చీపురు కర్ర అన్నప్పుడు కూడా నోరు విప్పలేదు!

దాని మీద కూడా కోపం వస్తోంది. ఎందుకో తెలియదు.

జూన్ 26, శనివారం

రేపు సంత ఉందట. మబ్బు పట్టింది.

కొత్త కన్నాలు మూయాలంటే టేపు లత దగ్గరే ఉంది. అడగాలి. తోరణం తాడుతో రెండు కాళ్ళకు కడితే సరిపోతుంది, గుడ్డ జోలికే పోనక్కర్లేదు. కానీ ఇన్నాళ్ళూ లేనిది ఇప్పుడెందుకు అని అది అడగదు. అదే కష్టం. అడిగితే చెప్పేద్దును.

రెండుసార్లు పిలిచాను. "ఏటత్తా?" అంటూ వచ్చింది. ఒకసారి మంచినీళ్ళు అడిగాను. ఒకసారి టైమెంత అన్నాను.

ఈ కాగితాలు మడిచి పూజ పెట్టెలో కుంకుమ భరిణె కింద పెడుతున్నాను. నా తర్వాత ఎవరి చేతికి దొరికినా చించొద్దు, అక్కడే ఉండనివ్వండి. లతకు మాత్రం చూపించొద్దు. దానికి చెప్పాల్సింది నేను.

పెరట్లోంచి అడుగుతోంది — "అత్తా, మావిడాకులు ఎన్ని కొయ్యమంటావ్? ఇరవయ్యొకటేనా?"