రోన్యాకి వేసిన మూడు

అక్కా, నేను బాగానే ఉన్నాను. సోమవారం పగలు పదకొండింటికి రోన్యా అనే పిల్లకి ఇంగ్లీషు మాట్లాడే పరీక్షలో ఆరుకి మూడు వేసి, ఆ మాట ఆమెకి చెప్పేశాను. నాలుగు రాకపోతే ప్రయాణికుల ఓడలో అప్రెంటిస్ పని దొరకదు. సంచి తీసుకుని వెళ్ళిపోయింది.

ఆమె ఇంగ్లీషు వేసవి సెలవుల్లో చేపల రేవులో, పోలండ్ వాళ్ళతో పనిచేస్తూ నేర్చినది. ఆమె వెళ్ళాక, నాతోపాటు టీచరు శిక్షణలో ఉన్న హోవార్ నవ్వాడు: “ఏం యాసండీ అది! చేపల పెట్టెలు దించుతున్నట్టుంది.” నేనూ నవ్వాను. మాకు పని నేర్పే గున్‌హిల్ మాత్రం పరీక్ష రికార్డింగు మళ్ళీ పెట్టి, నా ముందుకో కాగితం జరిపింది.

“మీకు అర్థం కాని మాట ఒక్కటి రాయండి, బెరిత్ గారూ. మూడే ఉంచుదాం.”

రెండుసార్లు విన్నాను. ఒక్కటీ దొరకలేదు. పైగా నేను గజిబిజిగా అడిగిన ప్రశ్నని ఆ పిల్లే తేలిక చేసి, ఇదేనా అని అడిగి జవాబిచ్చింది.

“అయినా ఇంగ్లీషువాళ్ళలా లేదుగా,” అన్నాడు హోవార్.

“ఆ ఓడెక్కేది ఎక్కువగా జర్మన్లేగా,” అంది గున్‌హిల్.

ఇరవై ఏళ్ళు పత్రికలో పనిచేసి, ఆధారం లేకుండా తీర్పు రాశాను.

పొగగొట్టం శుభ్రం చేసే మనిషి వచ్చాడా? నా ఉన్ని మేజోళ్ళు పంపు. అమ్మ తుంటినొప్పి సంగతి రాయి. బావని అడిగానని చెప్పు.

మార్కు నాలుగు చేశాం. రేపు ఉదయం ఎనిమిదిన్నరకి రోన్యా వస్తుంది. మొదట మూడు ఎందుకు వేశానో నేనే చెప్పాలి.

బెరిత్