దివంగత అభ్యర్థిని ఇంటర్వ్యూకు హాజరు

మంగళవారం

బాబాయ్ గారికి నమస్కారాలు.

నిన్న పొద్దున పదకొండు గంటలకు నేను చనిపోయినట్టు తెలిసింది. విశ్వవిద్యాలయం చరిత్ర శాఖ వారు రిజిస్టరు పోస్టులో తెలియజేశారు. కవరు మీద ‘కుటుంబ సభ్యులకు’ అని ఉంది. నిన్న సెలవు పెట్టి ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను కాబట్టి నేనే సంతకం పెట్టి తీసుకున్నాను.

ఎం.ఏ.కు నేను పెట్టిన దరఖాస్తును బరువెక్కిన గుండెలతో మూసేశారట. శాఖ అంతా లేచి నిలబడి రెండు నిమిషాలు మౌనం పాటించారట. నా ఒరిజినల్ సర్టిఫికెట్లు వారసులు వచ్చి తీసుకోవాలట.

వెంటనే ఫోన్ చేశాను. అక్కడి గుమాస్తా గారు ఎవరు మాట్లాడేది అని అడిగారు. పోయినావిడనే అన్నాను. పెట్టేశారు.

నాకు సిఫార్సు లేఖ రాసింది మీరొక్కరే. ఇంతకీ ఏం రాశారు? సంగతి మీకు తెలుసు. పగలంతా పత్రికలో ప్రూఫులు దిద్దే నాకు సాయంత్రపు తరగతులే గతి. వచ్చే ఏడాది నుంచి వాటిలో కొత్త చేరికలు ఉండవట. పిల్లల చదువులయ్యాక చూద్దాం, మామయ్య ఆరోగ్యం కుదుటపడ్డాక చూద్దాం అంటూ ఇన్నేళ్లు జరిపాను. ఇక జరపడానికి చోటు లేదు. ఈ సీటు పోతే చదువు పోయినట్టే.

మీరు ఫోన్ ఎత్తరు కాబట్టి తిరుగు టపాలో రాయండి.

ఇట్లు,
ఇంకా ఉన్న
మీ కామా

తా.క.: ఆ సంతాప లేఖను అత్తయ్య నాచేత రెండుసార్లు చదివించుకున్నారు. “ఇంత మంచిదానివని నాకెవరూ చెప్పలేదే” అన్నారు.

గురువారం

చిరంజీవి కామాకు (ఈ మాట ఈసారి కావాలనే రాస్తున్నాను),

ఆశీస్సులు. నీ ఉత్తరం చదివి అరగంట కుర్చీలోంచి లేవలేదు. నేను రాసిన దాని నకలు తీసి చూశాను. అందులో నాకైతే తప్పేమీ కనబడలేదు. నువ్వే చూడు:

‘పత్రికా కార్యాలయంలో కామాగా అందరికీ సుపరిచితురాలు. నెమ్మదస్తురాలు. ఏనాడూ ఒక్క తప్పునూ గడప దాటనివ్వలేదు. ఆమె ఇక ఆ బల్ల దగ్గర పూర్తికాలం కనిపించరన్న ఊహే సహోద్యోగులకు భారంగా ఉంది. ఆమె లోటు తీరనిది. ఆమెకు భర్త, అత్తగారు, ఇద్దరు కుమార్తెలు ఉన్నారు.’

చదువుకోవడానికి వెళ్తున్నావు కాబట్టి బల్ల దగ్గర తక్కువ కనిపిస్తావని కదా రాశాను? చివరి వాక్యం మాత్రం చేతి అలవాటు. రిటైరయ్యే దాకా మన పత్రికలో నేను నివాళులు తప్ప ఇంకేం రాశాను? మనిషి గురించి మంచి రాయమంటే నా చెయ్యి ఆ దారినే పోతుంది.

కంగారు పడకు. పత్రికలో తప్పు దొర్లితే మనమేం చేస్తాం? మర్నాడు సవరణ వేస్తాం. చరిత్ర శాఖకు ఈ రోజే సవరణ పంపించాను.

నీ మేలు కోరే
బాబాయ్

తా.క.: అన్నట్టు, మొదటి లేఖకు నీ ఫొటో జతచేశాను. నిండుగా ఉంటుందని చుట్టూ నల్లటి గీత వేశాను. దానివల్ల ఏమైనా అయి ఉంటుందంటావా?

బుధవారం

బాబాయ్ గారికి నమస్కారాలు.

మీ సవరణ అందిందట. దాని నకలు నాకు పంపారు. ‘పై అభ్యర్థిని జీవించే ఉన్నారు. ఇందుకు చింతిస్తున్నాం.’ పత్రికలో అయితే ఇది చెల్లుతుంది. అక్కడ చెల్లలేదు. నేను బతికి ఉన్నందుకు మీరెందుకు చింతిస్తున్నారో బోధపడలేదని, మన మధ్య తగాదా ఏదైనా ఉంటే ముందు తేల్చుకుని రమ్మని రాశారు.

ఇప్పుడు రెండు కావాలట. ఒకటి, నేను బతికే ఉన్నానని వైద్యుడి ధ్రువపత్రం. రెండు, మీ నుంచే కొత్త సిఫార్సు లేఖ. వేరే వాళ్లది చెల్లదట. రెండూ శుక్రవారం లోపల అందాలి. అదే రోజు ఇంటర్వ్యూలు.

వైద్యుడి దగ్గరికి వెళ్లాను. ఏమిటి సమస్య అన్నాడు. బతికున్నానండీ అన్నాను. ఎన్నాళ్ల నుంచి అన్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు. చివరికి నాడి పట్టుకుని చూసి, ‘ఈ తేదీ వరకు మాత్రమే’ అని రాసిచ్చాడు.

బాబాయ్ గారూ, మీకు చెప్పేంతదాన్ని కాను. ఈసారి మాత్రం నివాళి లాగా రాయకండి. కామా దగ్గర కాస్త ఆగితే చాలు, ముగించనక్కర్లేదు.

మీ
కామా

తా.క.: మా ఆయన మీ తప్పేమీ లేదంటున్నారు. తన గురించి కూడా ఒకటి రాసిపెట్టమంటున్నారు, ఆఫీసులో ప్రమోషన్‌కు పనికొస్తుందట. వద్దన్నాను.

గురువారం

చిరంజీవి కామాకు ఆశీస్సులు.

నీ మాట మన్నించాను. కొత్త లేఖలో నివాళి వాసన లేదు. నీ ఉత్తరం పొద్దున్నే అందింది, అప్పటి నుంచి ఆలోచిస్తే గుర్తొచ్చింది, నివాళుల కంటే ముందు కొన్నాళ్లు నేను వేరే పని చేశాను. తప్పిపోయినవారి ప్రకటనలు చూసేవాణ్ని. ఆ చెయ్యి ఇంకా పోలేదు. చూడు:

‘చామనఛాయ, మధ్యరకం ఎత్తు, కళ్లజోడు, కుడి చేతి వేలికి చెరగని ఎర్ర సిరా. పిలిస్తే పలుకుతుంది. పుస్తకాలున్న చోట ఎక్కువగా తిరుగుతుంది. చదువుకు దూరమై చాలా ఏళ్లయింది. కనిపించినవారు దయచేసి లోపలికి తీసుకోగలరు.’

ఇందులో నువ్వు బతికే ఉన్నావన్న ఆశ స్పష్టంగా ఉంది. మా అల్లుడు మీ ఊరు వస్తుంటే అతని చేతికిచ్చి పంపించాను. సాయంత్రానికల్లా అక్కడ ఇచ్చేస్తాడు.

బాబాయ్

తా.క.: ఫొటో మళ్లీ పెట్టాను. నల్ల గీత కత్తిరించేశాను. దాంతోపాటు నీ చెవి ఒకటి పోయింది.

శనివారం

బాబాయ్ గారికి వేయి నమస్కారాలు.

సీటు వచ్చింది. నిన్న మధ్యాహ్నం చెప్పారు. ఎలా వచ్చిందో వరసగా రాస్తాను.

ధ్రువపత్రం ఇద్దామని వెళ్లాను. మీ లేఖ చూసి ఆ గుమాస్తా గారు నిజంగానే నేను తప్పిపోయాననుకుని, దాన్ని గేటు దగ్గర అంటించారు. కాపలా ఆయన నన్ను చూశాడు, కాగితం చూశాడు, నా వేలు చూశాడు. రెండు చెవులుండడం వల్ల కాసేపు అనుమానపడ్డాడు. తర్వాత చెయ్యి పట్టుకున్నంత పని చేసి, “భయపడకమ్మా, మీవాళ్లకు కబురు చేస్తారు” అంటూ వరసలో ఉన్న వాళ్లందరినీ దాటించి, తిన్నగా శాఖాధిపతి గారి గదిలో కూర్చోబెట్టాడు.

ఆవిడ నన్ను చూసి లేచి నిలబడ్డారు. తర్వాత నవ్వు ఆపుకోలేకపోయారు. ఆ పైన ఒక మాట చెప్పారు. “మామూలుగా దరఖాస్తు వ్యాసాలు మొదటి పేజీ దాటి చదవమమ్మా. తీరిక ఉండదు. మీరు పోయారని తెలిసి మీది చివరి దాకా చదివాం. చదివాక, ఈ మనిషి మాకు దొరక్కుండా పోయిందే అని బాధపడ్డాం.”

నా వ్యాసం దేని గురించో మీకు చెప్పలేదు, సిగ్గేసి. పత్రికల్లో వచ్చే మామూలు మనుషుల మరణవార్తల గురించి. ఈ విషయమే ఎందుకని అడిగారు. మీ గురించి చెప్పాను. మన ఆఫీసు పక్క లాండ్రీ ఆయన పోయినప్పుడు మీరు వాళ్లమ్మాయిని అడిగారు, మామూలు రోజున మీ నాన్న ఏం చేసేవారమ్మా అని. చొక్కా జేబుల్లో మరిచిపోయిన కాగితాలు ఉతక్కముందే తీసి, పేరు రాసి దాచి ఇచ్చేవారని ఆమె చెప్పింది. నాలుగు వాక్యాల వార్తలో ఒక వాక్యం దానికిచ్చారు. ఆ ప్రూఫులో నేను దిద్దడానికి ఏమీ దొరకలేదు. చరిత్ర అంటే అదేనని ఆ రోజు అనుకున్నాను. అదే చెప్పాను.

గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఈసారి మౌనం నాకోసం కాదు.

మీరు నన్ను చంపకపోతే నా వ్యాసం ఎవరూ చదివేవారు కాదు. వెతికించకపోతే నన్ను లోపలికి ఎవరూ తీసుకెళ్లేవారు కాదు. మీ రుణం తీర్చుకోలేను.

మీ
కామా

తా.క.: అప్పుడు పాటించిన రెండు నిమిషాల మౌనం సంగతేమిటని అడిగాను. నా ఖాతాలో జమ ఉంచుతారట.

బుధవారం

చిరంజీవి కామాకు ఆశీస్సులు.

నీ ఉత్తరం మా అమ్మాయికి, అల్లుడికి చదివి వినిపించాను. లాండ్రీ ఆయన దగ్గరికి వచ్చాక కాగితం అమ్మాయి చేతికిచ్చాను, మిగతాది తను చదివింది. ఆ వాక్యం ఎవరైనా చూశారనే నేను అనుకోలేదు. రుణం అన్నావు. అది ఎటువైపు ఉందో నాకు తెలుసు.

నీకు చెప్పకుండా ఒక పని చేశాను. సవరణ పంపిన రోజే దరఖాస్తు ఫారం కోసం కూడా రాశాను. మొన్న నింపి పంపాను. మిగిలిన సీట్లకు రెండో విడత పిలుస్తున్నారు. చరిత్ర, సాయంత్రపు తరగతులు. సీటొస్తే మీ ఊళ్లోనే గది చూసుకుంటాను. అరవై ఏడేళ్ల వయసులో ఎందుకని అల్లుడు అడిగాడు. వచ్చే ఏడాది ఉంటే కదా అన్నాను. నేనా, తరగతులా అని అడగడానికి జంకాడు, మంచివాడు.

సిఫార్సు లేఖ నువ్వు రాయాలి. ఎన్నో వందల మంది గురించి రాశాను, ఒక్కరూ చదువుకోలేదు. తన గురించి రాసింది తను చదువుకున్నది నువ్వొక్కదానివే. అది చూశాక నాకూ ఆశ పుట్టింది. ఉండగానే ఒకసారి చదువుకోవాలని ఉంది. నకలు నాకు పంపడం మరిచిపోకు.

మామూలు రోజున నేనేం చేసేవాణ్నో నీకు తెలుసు. అది రాస్తే చాలు.

నీ
బాబాయ్

తా.క.: లేఖ వచ్చే బుధవారానికి అక్కడ అందాలి. ఇంటర్వ్యూ గురువారం ఉదయం పది గంటలకు. వరసలో నిలబడే ఓపిక నాకు లేదు, అందుకని నా ఆనవాళ్లు కాపలా ఆయనకు ముందే పంపించాను.