తప్పు నాదేనని రాసిచ్చిన కాయితం

గద్వాల దవాఖాన,
11-6-2008

మేనేజర్ సారుకు, మీ విత్తనాల గోదాముల హమాలి దండం పెట్టి రాసేది.

తప్పంత నాదేనని రాసియ్యమని నిన్న మీ గుమాస్త వచ్చి చెప్పిండు. రాస్తున్న సార్. నా అసుమంటి తెలివితక్కువోడు ఇటిక్యాల మండలంల ఇంకొకడు దొరకడు.

మొన్న డ్రైవర్ దిగంగనే, బస్తాలు లేపే ఫోర్క్‌లిఫ్టు వాలు మీద ఎన్కకు జారింది. దాని టైరు కింద రాయి పెట్టే పని నాదే. పెట్టిన రాయి పక్కకు ఎగిరిపోయింది. తెలివున్నోడైతే దూరం ఉరుకుతడు. నేను ఇరవై ఏండ్లు ఎడ్లబండి తోలినోణ్ణి కద, ఎదురుంగ నిలవడి చేతులు చాపి "హో... హో..." అన్న. ఎడ్లయితే ఆగుతుండె. అది నా కుడికాలు మీదికెళ్లి పోయింది. గీ ముచ్చట పక్క మంచాలోళ్లు మల్ల మల్ల చెప్పిచ్చుకొని నవ్వుతుండ్రు. నవ్వితే కాలు గుంజుతదని నేనొక్కణ్ణే నవ్వుతలేను.

ఇంకో పెద్ద తప్పు గుడ చేసిన సార్. ఆ ఫోర్క్‌లిఫ్టుకు బ్రేకు పడ్తలేదని మీకు మూడుసార్లు నోటితోనే చెప్పిన, కాయితం మీద రాసియ్యలే.

ఇగో, ఇప్పుడు తారీఖేసి, దస్కత్ పెట్టి రాసిచ్చిన.