జింక గోడ

ప్రియమైన సోన్‌మతికి,

శుక్రవారం పొద్దున మీ అమ్మ కోదో అరికెల జావ కాచింది. ఒళ్ళు కాలుతోంది, పడుకోమన్నాను. "పండక్కి గోడలు నువ్వు అలుకుతావా, మాస్టారూ?" అంది. తెల్లమన్ను కలుపుకుంది. మధ్యాహ్నానికి నీ జింక ఉన్న గోడ దగ్గరికి వచ్చింది. ఏటా ఆ బొమ్మను వదిలి చుట్టూ అలికేది. నేను నీళ్ళు తెచ్చేసరికి గోడకు ఆనుకుని ఉంది. పిలిచాను. పలకలేదు. చీకటి పడకముందే మట్టి చేశాం.

నువ్వు పురిటి మంచం మీద ఉన్నావు. అందుకే వెంటనే కబురు పెట్టలేదు. ఫోను ఇక్కడ పలకదు. ఇది భోపాల్ బస్సులో పంపుతున్నాను.

మీ ఫగ్నీ అత్త వచ్చింది. పదో రోజులోగా ఇల్లంతా అలకాలట, ఈసారి జింకతో సహా. గోడ అలక్కుండా మిగిలితే పోయినవాళ్ళు గడప దాటరట.

మీ నాన్న

ప్రియమైన నాన్నా,

బిడ్డను ఎత్తుకోవడానికి కూడా చేతులు రాలేదు. నాకు చెప్పకుండా ఎలా ఉండగలిగావు? ఆ సంగతి తర్వాత.

ఆ గోడ ముట్టనివ్వకు. బొమ్మల ఒంట్లో నేను గీసే పొలుసుల వరసలు, నా నింపుడు, తనదేనని ఇక్కడ మాతో బొమ్మలు వేసే విశ్రామ్ గొడవ చేశాడు. మనలో ఎవరి నింపుడు వాళ్ళది, ఇంకొకరిది వాడితే దొంగే. "నా చొక్కా నీ జింకలకు తొడిగావే" అన్నాడు, తోటి చిత్రకారులందరి ముందు. అతను కుంచె పట్టకముందే, బడికెళ్ళే రోజుల్లో నేను వేసిన జింక అది. పొలుసులు మొదట అందులోనే వచ్చాయి. మా బొమ్మల ప్రదర్శన పెట్టేవాళ్ళు గురువారం ఆ గోడ చూడటానికి మన ఇంటికి వస్తున్నారు. అది పోతే నా పేరు పోతుంది.

జింక బాగుందా? ఆ మాట నువ్వు రాయలేదు. నిజం చెప్పు.

నీ సోన్

ప్రియమైన తల్లీ,

జింక ఉంది. దాని పొట్ట మీద తడిమన్ను కనిపించింది. మీ అమ్మ కప్పేయబోయిందనుకున్నాను. అది నీకు ఎలా రాయను?

నీ ఉత్తరం వచ్చాక దగ్గరికి వెళ్ళి చూశాను. పొట్ట దగ్గర పెచ్చు ఊడింది. అక్కడ మన్ను పెట్టి మునివేళ్ళతో వరసగా ఒత్తింది. నీ పొలుసులు ఎక్కడ ఆగాయో, ఆమె వేళ్ళు ఎక్కడ మొదలయ్యాయో నాకు తెలియలేదు.

ఫగ్నీకి చూపించాను. "ఇన్నేళ్ళ కాపురంలో ఇది చూడలేదా, చదువుకున్నోడా! మన్ను పట్టాలని వదిన ఎప్పుడూ అలాగే ఒత్తేది. ఆరకముందే గుడ్డతో నునుపు చేసేది. పిల్ల పక్కనే కూర్చుని చూసేది" అంది.

గురువారం వచ్చేవాళ్ళకు ఆ నింపుడు విశ్రామ్‌ది కాదని చూపిస్తాను. నీ ఒక్కదానిదీ కాదని చెబుతాను. నువ్వూ అదే చెప్పు.

ఫగ్నీ ఊరుకోలేదు. "గోడ మిగిలితే వదిన ఇక్కడే ఆగిపోతుంది, అన్నా."

"ఆగనీ" అన్నాను.

ఆమె కలిపిన మన్ను తట్టలో గట్టిపడింది. రేపు పొద్దున్నే నీళ్ళు పోసి మెత్తబరుస్తాను. గోడ నేనే అలుకుతాను. జింక దాకా వచ్చి ఆపేస్తాను.

నాన్న