సీట్లు కుట్టేవాళ్ళకో సీటు

లెక్కల పంతులమ్మ అయిన నా మేనకోడలికి, మావయ్య దీవెనలు.

ఓ పీకులాట నా నెత్తిన పడిందే. ఉన్నవి అయిదు సీట్లు. డ్రైవర్లం అరవై మందిమి, మెకానిక్కులు ఇరవై ఏడుగురు, కుట్టు షెడ్డువాళ్ళు పదమూడు మంది. గొడవ లేకుండా ఎలా పంచాలో చెప్పు.

ఇట్లు,
డిపో మావయ్య

తా.క. కుట్టు షెడ్డంటే బస్సు సీట్లు కుట్టేచోటు. దానికి పెద్ద ఒకావిడ. అందరూ సీట్లావిడ అంటారు. ఊరికే చెప్పాను.

*

మావయ్యకి నమస్కారాలు.

వందమందికి అయిదు సీట్లా! అదేం బస్సు మావయ్యా? అందరూ కలిసి షికారుకా? ఇంకో బస్సు అడగండి. కుదరకపోతే పెద్దవాళ్ళని కిటికీ పక్కన కూర్చోబెట్టి, మిగతావాళ్ళు నిలబడండి.

నీ మేనకోడలు

తా.క. ఆవిడ సంగతి ఊరికే చెప్పానన్నావు. నేనూ ఊరికే నమ్మాను.

*

ఓసి మొద్దూ,

బస్సులో సీట్లు కాదే, యూనియన్ కమిటీలో! ఎవరి జట్టుకి వాళ్ళు ఓటేసుకుంటారు. ఓట్లని బట్టి సీట్లు పంచాలని కొత్తగా రూలు రాశారు, ఎలా పంచాలో రాయడం మరిచారు. పెద్దవాణ్ణని తేల్చే పని నాకు అంటగట్టారు. ఓట్లని ఒకటి, రెండు, మూడుతో వరసగా భాగించి, వచ్చిన అంకెల్లో పెద్దవాటికి సీట్లివ్వమని ఒకడంటాడు. కాదు, ఒకటి, మూడు, అయిదుతో భాగించమని ఇంకొకడు. ఏది న్యాయమే? తేల్చబోతే చెయ్యి ఆడటం లేదు.

కుట్టు షెడ్డు రేకులు కారుతున్నాయి. కమిటీలో వాళ్ళ తరఫున అడిగే దిక్కు లేదు. వానొస్తే సీట్లావిడ గొడుగు కిందే మిషను కుడుతుంది. చూడలేకపోతున్నాను.

నీ మావయ్య

తా.క. ఆ గొడుగు నాది.

*

గొడుగుల మావయ్యకి,

మొదటి పద్ధతిలో మీ అరవైని నాలుగుతో భాగించినా పదిహేను. కుట్టు షెడ్డు పదమూడు దాని ముందు ఆగదు. మీకు నాలుగు, మెకానిక్కులకి ఒకటి, షెడ్డుకి గుండుసున్నా. ఆ పద్ధతి పెద్ద జట్టుకి కొమ్ముకాస్తుంది. రెండోదాంట్లో అరవైని అయిదుతో భాగిస్తే పన్నెండే, పదమూడు గెలుస్తుంది. మీకు మూడు, మిగతా రెండు జట్లకీ ఒక్కొక్కటి. వందలో అరవై అంటే అయిదులో మూడే కదా! ఇదే న్యాయం.

ఇంత చిన్న లెక్కకి చెయ్యి ఎందుకు ఆడలేదో తెలిసిందిలే. మీవాళ్ళ నాలుగో సీటు ఎగిరిపోతుందనేగా! డ్రైవర్ల వైపు మొగ్గావో, నీతో పచ్చి, ఇక మాటల్లేవు.

నీ మేనకోడలు

తా.క. గొడుగు సంగతి అమ్మకి చెప్పేశాను. నవ్వి, ఇన్నేళ్ళ నీ ఒంటరితనం తీరేలా ఉందని ఆనక ఏడ్చింది.

*

నన్ను అనుమానించిన నా తల్లికి,

రెండో పద్ధతే పెట్టాను. కుట్టు షెడ్డుకి సీటొచ్చింది. మొదటి మీటింగులోనే సీట్లావిడ రేకుల మాటెత్తింది. అందరూ సరేనని చేతులెత్తారు. నేను గుమ్మం బయట నిలబడి చూశాను. కళ్ళు చెమర్చాయే.

బయటెందుకంటావా? కుర్రాళ్ళని ముందు పెట్టి, మా జట్టు జాబితాలో నాలుగో పేరు నాదే రాయించాను. ఇన్నేళ్ళూ కూర్చున్న కుర్చీ కదా, ప్రాణం ఉసూరుమన్నమాట నిజం.

మీటింగవగానే ఆవిడ తిన్నగా నా దగ్గరికొచ్చింది.

"నా కోసం మీ సీటు పోగొట్టుకున్నారటగా?"

"లెక్క అలా తేలిందండీ."

"గొడుగు కూడా లెక్కలోదేనా?"

ఆవిడే నవ్వి, "ఇకమీదట మీరు నిలబడితే నాకు కూర్చోబుద్ధి కాదు" అంది.

ఆదివారం వస్తున్నాం. ఇద్దరం. అమ్మకి చెప్పు, ఈసారి ఏడవకూడదని.

నీ మావయ్య

తా.క. నీ మొదటి ఉత్తరం ఆవిడకి చూపించాను. బస్సులో కిటికీ పక్క సీటు పెద్దవాడికేనట. నాకంటే నాలుగు నెలలు చిన్నదాన్నని ఒట్టేసి మరీ చెబుతోంది.