కొత్తిమీరకి డూప్

1992 జనవరి 6
కొత్తిమీర జానెడు లేచింది! మద్రాసులో ఎన్నిసార్లు చల్లినా మొలకే రాలేదు. ఈ ఫిల్మ్‌నగర్ బాల్కనీలో, పగిలిన ప్లాస్టిక్ టబ్బులో ఇంత పచ్చగా... రేపు కోసి పచ్చడి చేస్తా.

జనవరి 7
పచ్చడి లేదు. డైరెక్టరు గారు మా బాల్కనీ చూసి ముచ్చటపడ్డారట — వంటింటి సీను ఇక్కడే తీస్తారట. ఆ సీను రాసింది మా ఆయనే. ఏళ్ల తరబడి కో-డైరెక్టరుగానే ఉండిపోయారు. "ఇది నిర్మాతకి నచ్చితే తర్వాత సినిమా డైరెక్షన్ నాకేనన్నారు, సుజాతా..." ఆ మాట రెండుసార్లు చెప్పారు. నాకైతే కళ్లనీళ్లే.

జనవరి 10
సగం తీశారు. హీరోయిన్ టబ్బు ముందు కూర్చుని మొగుడితో పోట్లాడింది. కోపంగా కొత్తిమీర తుంచే షాటు మిగిలింది. ఇంతలో కాలు బెణికింది పాపం. మళ్లీ డేట్లు వచ్చే నెలే.
ఆయన వెళ్తూ వెళ్తూ — "ఒక్క రెమ్మ కూడా తుంచకు. కంటిన్యుటీ! మిగతా షాటులోనూ మొక్క అచ్చం ఇలాగే కనపడాలి."
ఇంట్లో ఇంత పెట్టుకుని చారులోకి బజారు నుంచి తెచ్చుకోవాలి. ఏం చోద్యమో.

జనవరి 12
కింద ఇంటావిడ పైకొచ్చింది. "కోస్తలేవేందమ్మా? ముదురుతది. పువ్వొస్తది."
సినిమా ఆగుతుంది గానీ కొత్తిమీర ఆగుతుందా? ఇంత యూనిట్‌లో ఒక్కరికీ తట్టలేదు. ఆయన తల పట్టుకున్నారు.
హీరోలకి డూప్ ఉన్నప్పుడు దీనికెందుకు ఉండకూడదు? ధనియాలు నలిపి అలాంటిదే ఇంకో టబ్బులో చల్లాను.

జనవరి 22
డూప్ మొలిచింది.

ఫిబ్రవరి 4
పాతది మోకాలెత్తు. మొగ్గలు కూడా. డూప్ ఇంకా బెత్తెడే. ఆయన పొద్దున్నే షూటింగ్ స్టిల్ పట్టుకుని పక్కన కూర్చుంటారు. "ఇంకొంచెం... ఇంకొంచెం..." అని మొక్కని బతిమాలుతున్నారు. నవ్వొస్తోంది. ప్రేమా వస్తోంది.

ఫిబ్రవరి 15
షాటు అయింది! స్టిల్ పక్కన పెట్టి చూసినా తేడా పోల్చలేకపోయారు. టేకు మీద టేకు... టబ్బు బోడిగుండు. తుంచిందంతా ఏరి పచ్చడి నూరాను. హీరోయిన్ అడిగి మరీ మళ్లీ వేయించుకుంది. డైరెక్టరు గారు తింటూ, "సీను బాగా వచ్చిందయ్యా" అన్నారు. మా ఆయన ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

మార్చి 20
పాత టబ్బులో ధనియాలు ఎండి రాలుతున్నాయి. ఇంటావిడ — "ఎండల ఏస్తే రాదమ్మా, చలికాలం దాంక జర ఆగరాదు?" ఆగలేను. గోనెపట్టా నీడ కట్టి చల్లేశాను.
నిర్మాత నిన్న సీను చూశారట. ఏమన్నారో తెలీదు. ఇవాళ జూబ్లీహిల్స్ ఆఫీసుకి రమ్మని కబురు. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, కాఫీ కూడా తాగకుండా వెళ్లారు.
మధ్యాహ్నం. అన్నం చల్లారిపోతోంది...
కింద ఆయన స్కూటరు ఆగింది. హారన్ కొడుతున్నారు. ఆపకుండా. ఈయన ఎప్పుడూ కొట్టరే —