బట్టలు ఆరేదాకా

అండమాన్ దీవుల నుంచి

అమ్మకు,

నీ రమ్య నమస్కారాలు. నేనిక్కడ క్షేమం. నువ్వూ క్షేమమేనని రాశావు గానీ, మోకాళ్ళ నొప్పితో మిరప కోతకు పోవడం లేదని నీతో కూలికొచ్చే కరీమున్ పిన్ని చెప్పేసింది. నా దగ్గరా దాపరికాలేనా? ఫోన్ చేయొచ్చుగా అంటావు. నువ్వు స్పీకరు పెట్టి మాట్లాడతావు, గోడవతల పెద్దమ్మ చెవులు రిక్కించి వింటుంది. అందుకే ఉత్తరం.

నువ్వడిగినవి ముందు చెబుతాను. తిండికి లోటు లేదు. నువ్వు పంపిన గొడ్డుకారం మాత్రం అయిపోవచ్చింది, మా యజమాని ఖాదర్ భాయ్ చేపల వేపుడుకి సగం లాగేశాడు. సముద్రం అడుగున ఊపిరెలా ఆడుతుందన్నావు. వీపున గాలి సిలిండరు, దాని గొట్టం నోట్లో. కింద మాటలుండవు, చేతి సైగలే. మరీ అవసరమైతే పలక మీద రాసి చూపిస్తాం. సముద్రం చూడ్డానికొచ్చే కొత్తవాళ్ళను నేను సిలిండరు పట్టీ పట్టుకుని తిప్పాలి. వాళ్ళ ప్రాణం నా చేతిలో ఉన్నట్టే.

ఇక పెదనాన్న కొడుకు ఉదయ్ సంగతి. "పెళ్ళాంతో మీ దీవులకే వస్తున్నాడు, మర్యాదగా చూడు, పాతవి తవ్వకు" అని రాశావు. మర్యాదగానే పడవెక్కించాను. వాడు నోరు అదుపులో పెట్టుకుని కూర్చుంటే నీ మాట నిలబెట్టేదాన్నే.

"మా పిన్ని సంగతి తెలుసుగా శిల్పా? పత్తి దగ్గరికొస్తే ముందు కొంగులో అగ్గిపెట్టె ఉందేమో చూసుకోవాలి!" అని పెళ్ళాం వైపు తిరిగి పగలబడి నవ్వాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. వాళ్ళ పత్తి కొట్టం తగలబడితే, చివరగా అటు వెళ్ళింది నువ్వేనని నీ మీద వేశారు. మాఘమాసం చలిలో నెత్తిన బిందెలు కుమ్మరించి, తడిబట్టలతో ఆంజనేయస్వామి ముందు ప్రమాణం చేయించారు. చేశావు. ఎవరైనా నమ్మారా? ఇప్పటికీ ఏ పత్తి చేలోకి వెళ్ళినా గుసగుసలే. కొట్టం తగలబడ్డ రోజు ఉదయ్ కనుబొమలు కాలి ఉండటం నేను చూశాను. చెబితే "చిన్నపిల్ల, దానికేం తెలుసు" అన్నారు. నువ్వూ "ఊరుకోవే" అన్నావు.

చెప్పాలా వద్దా అని ఇంతసేపూ నానుస్తున్న మాట ఇప్పుడు చెబుతున్నాను. అడుగుకు చేరాక వాడికి భయం పట్టుకుంది. పైకి తీసుకుపొమ్మని బొటనవేలు ఎత్తి చూపించాడు. వెంటనే తీసుకెళ్ళాలి, మా పనిలో అది మొదటి నియమం. నేను తీసుకెళ్ళలేదు. పట్టీ బిగించి పట్టుకుని పలక మీద రాశాను: "పత్తి తగలబెట్టింది ఎవరు?" మళ్ళీ వేలు పైకి చూపించాడు. నేను మళ్ళీ పలక చూపించాను. చివరికి ఆ వేలు తన గుండెకే ఆనించుకున్నాడు. అంతవరకూ వదల్లేదమ్మా. వాడికి గాలి బాగానే ఉంది, లేనిదల్లా ధైర్యం. ఆ భయం చూస్తుంటే నాకు హాయిగా ఉంది. నీ దగ్గర అబద్ధమెందుకు?

పడవెక్కాక, నీళ్ళోడుతున్న బట్టలతోనే నిలబెట్టాను.

"ఇప్పుడు నోటితో చెప్పన్నయ్యా. మా అమ్మ చెప్పినట్టే, తడిబట్టలతో చెప్పు."

"సిగరెట్టు నాదేనే. నాన్న చంపేస్తాడని భయమేసింది. పిన్ని మీదకి పోతుంటే నోరు మూసుకున్నా."

శిల్ప వదిన తువ్వాలు ఇవ్వబోయి వెనక్కి తీసుకుంది. "ఊళ్ళో కూడా ఇలాగే నిలబడి చెప్పండి. అప్పటిదాకా నాతో మాట్లాడొద్దు" అంది.

వదినతో పాటు నీళ్ళలో ఉన్న ఖాదర్ భాయ్ అంతా చూశాడు. నన్నిక సముద్రంలోకి దిగొద్దన్నాడు. ఆయన చేసింది న్యాయమే. ఆ పనంటే నాకు ప్రాణం, అది పోయినందుకు ఏడ్చాను. చేసినదానికి మాత్రం ఏడవలేదు.

వదిన మాటకి వాడు ఒప్పుకున్నాడు. వచ్చే శనివారం తడిబట్టలతో గుడి ముందు అందరికీ చెప్పి, వాటితోనే మన గుమ్మానికి వస్తాడు. నీ కాళ్ళ మీద పడతాడు. నీ మనసు వెన్న, నాకు తెలుసు. "లే నాయనా, లోపలికి రా" అంటావు. అనకు. ఆ రోజు ప్రమాణం అయ్యాక నిన్నెవరూ కూర్చోమనలేదు, చీర నీ ఒంటి మీదే ఆరింది. వాడినీ బట్టలు ఆరేదాకా గుమ్మం బయటే నిలబెట్టు.

ఇట్లు,
నీ మాట వినని కూతురు,
శ్రీరమ్య